మంచులో మనకి దారి కనపడాలి, మనం ఎదుటివాడికి కనపడాలి
ట్రాక్టరుకి, పాత కారుకి ఫాగ్ లైట్లు ఇంటి దగ్గరే బిగించుకునే పద్ధతి

సార్వా కోతలు మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి దాటేదాకా మన కృష్ణా డెల్టా రోడ్ల మీద రెండు కలిసి వస్తాయి. ఒకటి ధాన్యం ట్రాక్టర్లు, రెండోది మంచు. తెల్లారకముందే లోడు మిల్లుకి చేరితే సాయంత్రానికి ఇంకో ట్రిప్పు పడుతుందని రైతు ఆరాటం. ఆ తెల్లారగట్లే బందరు-పామర్రు రోడ్డు మీద గానీ, గుడివాడ-ముదినేపల్లి రోడ్డు మీద గానీ, చల్లపల్లి నుంచి అవనిగడ్డ వెళ్ళే దారిలో గానీ పది బారల అవతల ఏముందో తెలియదు. పక్కనే కాల్వ. రోడ్డు వంపు తిరిగింది కూడా కనపడదు.

కొన్నేళ్ళ కిందట ధనుర్మాసంలో ఒక రోజు పొద్దున్నే స్కూటరు మీద మోపిదేవి వైపు వెళ్తున్నాను. ఉన్నట్టుండి ముందు చక్రానికి వరిగడ్డి తగిలింది. బ్రేకు వేసి చూస్తే గడ్డి లోడుతో ఆగి ఉన్న ట్రక్కు. వెనక లైటు లేదు, ఎర్ర బిళ్ళ లేదు. డ్రైవరు టీ తాగడానికి దిగాడట. నేను మెల్లగా వెళ్తున్నాను కాబట్టి గడ్డితో సరిపోయింది. అదే నా వెనక వచ్చే బస్సయితే? అది ధాన్యం ట్రక్కయితే? ఏడాది కష్టం, మనిషి ప్రాణం రెండూ ఆ ఎర్ర లైటు మీదే ఆధారపడి ఉన్నాయి.

అందుకే ఈ వారం ఈ సంగతి చెప్పుకుందాం. ముందు ఫాగ్ లైట్లు, వెనక ఎర్ర లైట్లు మనమే ఎలా బిగించుకోవచ్చు? ఎంత ఖర్చవుతుంది? కుర్రాళ్ళు ముచ్చటపడే జెనాన్ లైట్లు మంచులో ఎందుకు పనికిరావు? ఒక్కొక్కటే చూద్దాం.

మంచు ఎందుకు ఇంత దట్టం?

మన ప్రాంతంలో వరి చేలు, కాల్వలు, చేపల చెరువులు ఎక్కువ. నేలలో, గాలిలో తేమకి లోటు లేదు. చలికాలం రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆగిపోతే నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న తేమ గాలి కూడా చల్లబడి సన్నని నీటి తుంపరలుగా మారుతుంది. అదే మంచు. ఎక్కడైనా గడ్డి తగలబెట్టిన పొగ తోడయితే ఇంకా చిక్కబడుతుంది. పొద్దు పొడిచే వేళకి ఎక్కువై, ఎండ పొడ తగిలాక విడిపోతుంది.

వాతావరణ శాఖ లెక్క ప్రకారం కిలోమీటరు లోపు మాత్రమే కనపడితే దాన్ని పొగమంచు అంటారు. 200 మీటర్ల లోపయితే దట్టమైన మంచు, 50 మీటర్ల లోపయితే అతి దట్టమైన మంచు. మన కాల్వ గట్ల మీద తెల్లారగట్ల ఆ 50 మీటర్లు కూడా కనపడని రోజులుంటాయి.

ఇప్పుడు చిన్న లెక్క వేయండి. 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి, బ్రేకు మీద కాలు వేసేసరికి సెకనున్నర పడుతుంది. అప్పటికే 33 మీటర్లు అయిపోయాయి. ఆ తర్వాత బండి ఆగడానికి పొడి రోడ్డు మీదే ఇంకో 40 మీటర్లు కావాలి. 50 మీటర్లలో మీ ట్రక్కు కనపడితే వాడు ఆగలేడు. అదే 40 కిలోమీటర్ల వేగమైతే 30 మీటర్ల లోపే ఆగిపోగలడు. మంచులో వేగం తగ్గించడం ఎందుకో, వెనక లైటు దూరానికి కనపడటం ఎందుకో ఈ లెక్కే చెబుతుంది.

పెద్ద లైటు వేస్తే ఎందుకు కనపడదు?

మంచులో చాలామంది చేసే మొదటి తప్పు హెడ్‌లైటు పై డిమ్ముకి మార్చడం. వెలుగు పెంచితే బాగా కనపడాలి కదా అనుకుంటారు. కానీ గాలి నిండా నీటి తుంపరలున్నాయి. ఒక్కో తుంపర చిన్న అద్దంలాగా వెలుగుని వెనక్కి కొడుతుంది. వెలుగు ఎంత పెంచితే అంత తెల్లగా మన కళ్ళలోకే వస్తుంది. కళ్ళ ముందు తెల్ల పంచె ఆరేసినట్టు ఉంటుంది.

ఫాగ్ లైటు చేసే పని వేరు. అది దూరం చూపించదు. మూడు పనులే చేస్తుంది. ఒకటి, కిందుగా ఉండి నేల బారుగా వెలుగుతుంది. మన చూపు పోయే దారికీ, వెలుగు పోయే దారికీ మధ్య ఎడం ఉంటుంది కాబట్టి తుంపరల మీద పడ్డ వెలుగు కళ్ళలోకి తక్కువ వస్తుంది. రెండు, వెలుగు పై అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, పైకి చిమ్మదు. మూడు, వెడల్పుగా పరుచుకుని రోడ్డు అంచు, గట్టు అంచు చూపిస్తుంది. మంచులో మనకి కావలసింది ఆ అంచే.

పసుపు రంగు లైటు మంచుని చీల్చుకుపోతుందని ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు. మంచు తుంపరలు పెద్దవి, అన్ని రంగుల్నీ ఒకేలా చెదరగొడతాయి. అయితే పసుపులో నీలం పాలు ఉండదు కాబట్టి కంటికి జిగేలు తక్కువ, అలసట తక్కువ. ఫ్రాన్సు దేశంలో 1993 దాకా కొత్త కార్లకి కూడా పసుపు హెడ్‌లైట్లే ఉండేవి. తెలుపైనా, పసుపైనా మీ ఇష్టం. వెలుగు ఆకారం, బిగించిన ఎత్తు సరిగ్గా ఉండటమే ముఖ్యం.

జెనాన్ మోజు

మామూలు హాలోజన్ బల్బులో సన్నని టంగ్‌స్టన్ తీగ కాలి వెలుగిస్తుంది. జెనాన్ బల్బులో తీగ ఉండదు. జెనాన్ వాయువు నింపిన చిన్న గాజు గదిలో రెండు మొనల మధ్య, వెల్డింగు చేసేటప్పుడు వచ్చే మెరుపు లాంటిది నిలబడి వెలుగుతుంది. ఆ మెరుపు పుట్టించడానికి బ్యాలస్ట్ అనే పెట్టె 12 వోల్టుల్ని ఒక్క క్షణం 20,000 వోల్టుల పైకి పెంచుతుంది. 35 వాట్లతోనే 55 వాట్ల హాలోజన్‌కి రెట్టింపు వెలుగు వస్తుంది. 1991లో జర్మనీ కంపెనీ బి.ఎం.డబ్ల్యు. తన 7 సిరీస్ కారుకి వీటిని మొదటగా పెట్టింది.

అంత మంచి లైటయితే మనం ఎందుకు పెట్టుకోకూడదు? ఇక్కడ నా అనుభవమే చెబుతాను. మా ఇంట్లో ఒక పాత కారు ఉండేది. ఒక చలికాలం నేనూ, మా బావమరిదీ కలిసి ఒక జెనాన్ కిట్టు కొన్నాం. కారుకున్న హాలోజన్ ఫాగ్ లైట్ల డొక్కుల్లోనే బల్బులు మార్చి, వైరు తిన్నగా స్విచ్చికి ఇచ్చాం. ఫ్యూజు పెట్టలేదు. వీధిలో వేసి చూస్తే పట్టపగల్లా ఉంది. మర్నాడు తెల్లారగట్ల మంచులో కాల్వ గట్టు మీద వేస్తే ముందు తెల్ల గోడ తప్ప ఏమీ లేదు. ఎదురుగా సైకిలు మీద పాలు పోసే పెద్దాయన వస్తున్నాడు. మా వెలుగుకి కళ్ళు చెదిరి, సైకిలుతో సహా పక్క బోదెలోకి దిగిపోయాడు. దెబ్బ తగల్లేదు గానీ క్యానులో పాలన్నీ పోయాయి. "బాబూ, మీ లైటుకి నాకు గట్టు కనపడలేదయ్యా" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది. పాల డబ్బులు ఇచ్చి ఇంటికొచ్చాం. నాలుగో రోజు స్విచ్చి దగ్గర వైరు కాలిన వాసన వచ్చింది. చూస్తే ప్లాస్టిక్ కరిగి ముద్దయింది. ఆ కిట్టు అప్పుడే పీకేశాం.

తప్పు జెనాన్‌ది కాదు, మాది. డొక్కులోని అద్దం వంపు హాలోజన్ తీగ ఉండే చోటుని బట్టి చేసి ఉంటుంది. జెనాన్ మెరుపు ఆకారం వేరు, ఉండే చోటు వేరు. దాన్ని ఆ డొక్కులో పెడితే వెలుగు పై అంచు చెదిరిపోయి ఎటు పడితే అటు చిమ్ముతుంది. కంపెనీలు జెనాన్ పెట్టిన కార్లకి దానికోసం చేసిన అద్దమే ఉంటుంది. యూరప్‌లో అంత వెలుగున్న లైట్లకి బరువుని బట్టి గురి తానంతట సర్దుకునే ఏర్పాటు, అద్దం కడిగే ఏర్పాటు తప్పనిసరి చేశారు. మన ట్రాక్టరుకి ఆ ఏర్పాట్లేవీ లేవు. పైగా ట్రక్కు లోడు పడితే ముందు భాగం కాస్త తేలుతుంది, లైటు ఇంకా పైకి కొడుతుంది.

ఇప్పుడు కిట్టుల్లో జెనాన్ కంటే ఎల్.ఇ.డి. ఎక్కువ దొరుకుతున్నాయి. వాటికీ ఇదే సూత్రం. హాలోజన్ డొక్కులో ఎల్.ఇ.డి. బల్బు పెడితే అదే చిక్కు. డొక్కుతో సహా ఫాగ్ లైటుగానే తయారుచేసిన ఎల్.ఇ.డి. అయితే ఫరవాలేదు. టాపు మీద పెట్టే పొడవాటి ఎల్.ఇ.డి. బార్లు మాత్రం మంచులో, రోడ్డు మీద అసలు వేయకూడదు. రాత్రిపూట దుక్కికి వాడే లైట్లు చేలోనే వాడాలి, రోడ్డెక్కితే ఆపాలి.

చట్టం సంగతి

ఎదుటివాడి కళ్ళు చెదిరేలా లైటు వేయడం నేరం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ముందు లైటు వెలుగు కిందికి వంగి ఉండాలి. 8 మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తున ఉన్న కంటికి జిగేలు కొట్టకూడదు. అధికారుల అనుమతి లేకుండా ముందు స్పాట్ లైటు, సెర్చి లైటు పెట్టకూడదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అలాంటి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. కాబట్టి మీ బండి మోడలుకి కంపెనీ ఇచ్చే ఫాగ్ లైటు ఉంటే ముందు దాన్నే అడగండి. లేకపోతే కొనే ముందు రవాణా శాఖ కార్యాలయంలో ఒక మాట కనుక్కోండి. ముందు తెలుపు గానీ పసుపు గానీ, వెనక ఎరుపు. ఈ రంగులు మారకూడదు.

ఏం కొనాలి?

ఒక జత హాలోజన్ ఫాగ్ లైట్లు, హెచ్3 రకం 55 వాట్ల బల్బులతో. అద్దం గాజుదైతే మంచిది. నిలువు గీతలుండి వెలుగుని వెడల్పుగా పరిచేది చూసుకోండి. గుండ్రంగా దూరానికి కొట్టేది ఫాగ్ లైటు కాదు. 100 వాట్ల బల్బులు అంటగడితే తీసుకోవద్దు. వేడికి లోపలి పూత మాడిపోతుంది, వైర్లు తట్టుకోవు.

దీనితోపాటు నాలుగు కాళ్ళ 12 వోల్టుల రిలే ఒకటి, 15 ఆంపియర్ల ఫ్యూజు హోల్డరుతో సహా, ఒక స్విచ్చి, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, స్విచ్చికి సన్న వైరు, లగ్గులు, ప్లాస్టిక్ గొట్టం, టేపు కావాలి. వెనక వైపుకి 21 వాట్ల ఎర్ర ఫాగ్ లైటు ఒకటి, మెరిసే టేపు కొనండి.

ఖర్చు దుకాణాన్ని బట్టి మారుతుంది. 2025-26 ఖరీఫ్‌కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు. మన 75 కిలోల బస్తా లెక్కన 1,777 రూపాయలు. ఆడంబరాలకి పోకుండా కొంటే ఈ సామానంతా రెండు బస్తాల ధాన్యం డబ్బుల్లో సర్దుకోవచ్చు. ట్రక్కులో వేసే లోడు ఎన్ని బస్తాలో మీకే తెలుసు.

కొనేముందు మీ ఆల్టర్నేటరు చూడండి. రెండు 55 వాట్ల లైట్లు కలిసి 9 ఆంపియర్లకి పైగా లాగుతాయి. హెడ్‌లైట్లు, వెనక లైట్లు కలిపితే 18, 19 ఆంపియర్లవుతుంది. ఆల్టర్నేటరు 36 ఆంపియర్లదయితే బెంగ లేదు. బాగా పాత ట్రాక్టరయి డైనమో ఉంటే అంత భారం మోయలేకపోవచ్చు. వాళ్ళు తక్కువ వాట్ల అసలైన ఎల్.ఇ.డి. ఫాగ్ లైట్లు తీసుకోవడం మేలు.

ఎక్కడ బిగించాలి?

హెడ్‌లైటు కంటే కిందుగా, రెండూ ఒకే ఎత్తులో, మధ్య నుంచి సమాన దూరంలో ఉండాలి. కారుకయితే బంపరు కింద. ట్రాక్టరుకయితే ముందు బంపరుకో, దాని పక్క ఇనప పట్టీకో బిగించండి. ముందు చక్రం పూర్తిగా తిప్పి చూడండి, ఎక్కడా తగలకూడదు. బోల్టుకి స్ప్రింగు వాషరు తప్పకుండా వేయండి. లేకపోతే మన రోడ్ల కుదుపుకి వారంలో వదులవుతుంది. దమ్ము చేసే రోజుల్లో లైట్లు ఊడదీసి దాచుకునేలా బిగిస్తే ఎక్కువ కాలం వస్తాయి.

హాలోజన్ బల్బు గాజుని వేళ్ళతో ముట్టుకోవద్దు. చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి పగిలిపోతుంది. శుభ్రమైన గుడ్డతో పట్టుకోండి.

వైరింగు వరస

మొదట రిలే అంటే ఏమిటో తెలుసుకోండి. అది కాల్వకి తూము లాంటిది. తూము తలుపు ఎత్తడానికి ఒక్క చేయి చాలు, పారేది మాత్రం పెద్ద నీరు. అలాగే స్విచ్చిలో కొద్దిపాటి కరెంటు పోతుంది, లైట్లకి పోయే పెద్ద కరెంటు రిలే గుండా పోతుంది. మేం చేసిన తప్పు ఇదే. సన్న బోదెలోకి పెద్ద కాల్వ నీరు వదిలాం, గట్టు తెగింది.

1. ఇంజను ఆపి బ్యాటరీ మైనస్ వైరు ముందు ఊడదీయండి. అన్నీ అయ్యాక చివర్లో అదే తగిలించాలి. ప్లస్ ముందు విప్పితే స్పానరు బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి.

2. బ్యాటరీ ప్లస్ నుంచి లావు వైరు తీసి, జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు అవతల వైరు ఎక్కడ ఒరుసుకుని తెగినా ఫ్యూజు పోతుంది, బండి మిగులుతుంది.

3. ఫ్యూజు నుంచి వచ్చిన వైరుని రిలే 30 నంబరు కాలికి ఇవ్వండి. నంబర్లు రిలే మీదే ఉంటాయి.

4. 87 నంబరు కాలి నుంచి లావు వైరు తీసి రెండు లైట్లకి పంచండి.

5. 85 నంబరు కాలిని బాడీ ఎర్త్‌కి కలపండి.

6. 86 నంబరు కాలికి స్విచ్చి నుంచి సన్న వైరు ఇవ్వండి. ఆ స్విచ్చికి కరెంటు పార్కింగు లైటు వైరు నుంచి తీసుకోండి. అప్పుడు బండి లైట్లు ఆపితే ఫాగ్ లైట్లు కూడా ఆగిపోతాయి. మర్చిపోయినా బ్యాటరీ దిగదు. ఇంజను ఆపి ఈ రెండు లైట్లు అలాగే వదిలేస్తే నాలుగైదు గంటల్లో సెల్ఫ్ ఎత్తుకోదు.

7. లైట్ల ఎర్త్ వైరు బిగించే చోట రంగు, తుప్పు గీకి ఇనుము మెరిసేలా చేయండి. లైట్లు మిణుకుమిణుకుమంటుంటే సగం సార్లు తప్పు ఎర్త్ దగ్గరే ఉంటుంది.

8. వైర్లు చేత్తో మెలిపెట్టి టేపు చుట్టడం మానండి. లగ్గు వేసి ప్లయరుతో నొక్కండి. వైర్లన్నీ గొట్టంలోంచి తీసి సైలెన్సరుకి, ఫ్యాను బెల్టుకి దూరంగా కట్టండి. ఇనప రంధ్రంలోంచి పోయే చోట రబ్బరు బుష్ పెట్టండి.

9. బ్యాటరీ తగిలించి, ఇంజను స్టార్టు చేసి వేసి చూడండి. మీటరు ఉంటే బ్యాటరీ దగ్గర ఒకసారి, లైటు దగ్గర ఒకసారి వోల్టేజి చూడండి. తేడా అర వోల్టు మించకూడదు. వోల్టేజి పదోవంతు తగ్గితే వెలుగు దాదాపు మూడోవంతు తగ్గిపోతుంది.

ఫ్యూజు పోతే కారణం వెతకండి. సిగరెట్టు రేకు చుట్టడం, రాగి తీగ పెట్టడం అంటే ఇంట్లో నిప్పు దాచుకోవడమే. నాగాయలంక, కోడూరు వైపు ఉప్పు గాలికి కనెక్షన్లు త్వరగా చిలుము పడతాయి. ప్రతి కనెక్షనుకి కొంచెం గ్రీజు గానీ వ్యాజలైను గానీ పూయండి.

గోడ మీద గురి

బిగించడం సగం పని. గురి పెట్టడం మిగతా సగం. సాయంత్రం చీకటి పడ్డాక బండిని చదును నేల మీద గోడకి ఎదురుగా 25 అడుగుల దూరంలో ఆపండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. ట్రాక్టరయితే మామూలుగా లాగే లోడుతో ట్రక్కు తగిలించి ఉంచితే ఇంకా మంచిది.

నేల నుంచి ఫాగ్ లైటు మధ్య వరకు ఎత్తు కొలవండి. గోడ మీద అదే ఎత్తులో సుద్దతో ఒక గీత, దానికి 4 అంగుళాల కింద ఇంకో గీత గీయండి. వెలుగు పై అంచు ఆ కింది గీత మీద పడాలి. ఒక లైటు మూసి రెండోది, అది మూసి ఇది సర్దండి. తర్వాత బోల్టు గట్టిగా బిగించండి. చివరగా ఇంట్లో ఒకరిని ముందు నిలబెట్టి కళ్ళకి కొడుతోందేమో అడగండి. కొడుతోందంటే ఇంకా దించండి.

వెనక లైటే అసలు ప్రాణం

ముందు లైట్లకి వెయ్యి రూపాయలు పెట్టి, ట్రక్కు వెనక యాభై రూపాయల బల్బు వేయని వాళ్ళు చాలామంది. మంచులో మనం కొట్టేది తక్కువ, మనల్ని వెనక నుంచి కొట్టేది ఎక్కువ. ట్రాక్టరు వేగం తక్కువ కాబట్టి వెనక వచ్చేవాడు ఎప్పుడూ దగ్గరవుతూనే ఉంటాడు.

మామూలు వెనక లైటు 5 వాట్లు. మంచులో అది చాలదు. 21 వాట్ల ఎర్ర ఫాగ్ లైటు ట్రక్కు వెనక బిగించండి. ట్రాక్టరుకీ ట్రక్కుకీ మధ్య ఏడు పిన్నుల సాకెట్టు ఉంటే దాని గుండా కరెంటు ఇవ్వండి. చాలామంది ఎర్త్ వైరు వేయకుండా హుక్కు పిన్ను మీద వదిలేస్తారు. పిన్నుకి గ్రీజు, మట్టి పట్టి, కుదుపులో లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. ట్రక్కుకి ఎర్త్ వైరు విడిగా వేయండి. సాకెట్టులో బురద చేరకుండా మూత ఉంచండి.

ఎర్ర రిఫ్లెక్టర్లు రెండు, వెనక రెండు చివర్లా ఉండాలి. మెరిసే టేపు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు అతికించండి. అయితే టేపు తానుగా వెలగదు, ఎదుటివాడి లైటు పడితేనే మెరుస్తుంది. మంచులో ఆ మెరుపు సగం దారిలోనే పోతుంది. కాబట్టి టేపు లైటుకి తోడు మాత్రమే, బదులు కాదు. గడ్డి లోడు వేసినప్పుడు వెనక లైట్లని గడ్డి కప్పేస్తుంది. బయల్దేరే ముందు వెనక్కి వెళ్ళి ఒకసారి చూడండి. కప్పేస్తే లైటుని ఒక కర్రకి కట్టి లోడు చివర కనపడేలా ఉంచండి.

ట్రాక్టరు లేని రైతు ఏం చేయాలి?

ఎకరం, రెండెకరాల రైతుకి సొంత ట్రాక్టరు ఉండదు, కిరాయికి పిలుస్తాడు. బండి ఎవరిదైనా ధాన్యం మీది. బస్తాలు ఎక్కించేముందు "అబ్బాయ్, వెనక లైటు ఒకసారి వెయ్యి" అని అడగండి. వెలగకపోతే బల్బు మార్చాకే ఎక్కించండి. అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

సైకిలు మీద పాలు పోసేవారు వెనక మడ్‌గార్డుకి, పాల క్యానుకి ఎర్ర మెరుపు టేపు అతికించుకోవచ్చు. ఎడ్లబండి వెనక చట్రానికీ అంతే, ఒక ఎర్ర టార్చి వేలాడదీస్తే ఇంకా మంచిది. రోడ్డు పక్కన ధాన్యం ఆరబోసి, బరకాలు ఎగరకుండా రాళ్ళు పెట్టే అలవాటు మనకి ఉంది. మంచులో ఆ రాళ్ళు కనపడక మోటారు సైకిళ్ళు పడుతున్నాయి. రోడ్డు మీద ఆరబోయకపోవడమే మంచిది. తప్పనిసరయితే రాళ్ళ బదులు ఇసక మూటలు వాడి, సాయంత్రానికి ఎత్తేయండి.

నడిపేటప్పుడు

మంచు పడినప్పుడు హెడ్‌లైటు కింది డిమ్ములో ఉంచి ఫాగ్ లైట్లు వేయండి. మంచు విడిపోగానే ముందువీ, వెనకదీ ఆపేయండి. మంచు లేనప్పుడు 21 వాట్ల ఎర్ర లైటు వెనకవాడి కళ్ళు పొడుస్తుంది, బ్రేకు లైటు వేశామో లేదో కూడా వాడికి తెలియదు. అద్దాల మీద మట్టి తుడవండి. ఆగాల్సి వస్తే రోడ్డు దిగి పూర్తిగా పక్కకి ఆపండి, లైట్లు ఆపకండి.

ఫాగ్ లైటు ఉంది కదా అని వేగం పెంచితే పెట్టిన ఖర్చంతా దండగ. అది దారి అంచు చూపించడానికే గానీ తొందరగా చేర్చడానికి కాదు. మిల్లు దగ్గర తూకం తొమ్మిదింటికి పడినా అవే కిలోలు. ఏడాది పొడుగునా నీరు, పురుగు, గాలివాన దాటించి ఇంటికి తెచ్చుకున్న పంటని, ఒక బల్బు లేక ఆఖరి అయిదు మైళ్ళలో పోగొట్టుకోకండి. ఈ ఆదివారం ఒక పూట కేటాయించి మీ బండి వెనక్కి వెళ్ళి చూడండి. వెలుగుతోందా?